మింగిన మాట

గుండ్లమిట్టలో తప్పులు తీసుకునే గది తొమ్మిదింటికి తెరుస్తారు. ఆ రోజు ఎనిమిదికే వరస వీధి మలుపు దాటింది. వరసలో ఉన్నవి చెప్పులు. మనుషులేమో పాత సొసైటీ గోడౌను గోడకు ఆనుకుని, నీడ జరిగినప్పుడల్లా తామూ జరుగుతూ కూర్చున్నారు. అందరికంటే ముందున్న జత అంకమ్మది. రోజూ ఆమెదే ముందు. రోజూ ఆమెనే వెనక్కి పంపుతారు కూడా.

లోపల డాక్టర్ కోటేశ్వరి తెర తుడిచి, బిళ్ళలు సర్ది, గుమాస్తాను లేపింది. గుమాస్తా అంటే మనిషి కాదు. తప్పులను విని, తూచి, గట్టివి దాచి, తాలు పారబోసే యంత్రం. దానికి తయారీదారులు పెట్టిన పేరు మూరెడు పొడవుండేది. తన పని తప్ప మరొకటి ఎరగదు, చెప్పిందే పదిసార్లు చెబుతుంది. అందుకని కోటేశ్వరి దానికి గుమాస్తా అని పేరు పెట్టుకుంది.

అది 2083. ఆ మెట్ట ప్రాంతం వాన మొహం చూసి ఎనిమిదేళ్ళయింది. పొగాకు పోయింది, కంది పోయింది, మేకలు పోయాయి. మిగిలిన బతుకుతెరువల్లా తీరానికి నలభై కిలోమీటర్ల దూరాన నడిసముద్రంలో తేలుతున్న నీటిసాగు. అక్కడ నీళ్ళలో నాచు పండిస్తారు, బుట్టల్లో ఆల్చిప్పలు పెంచుతారు. వేలమందికి పని. అయితే మోసేవీ దించేవీ మనుషుల చేతులు కావు, తొమ్మిది దేశాల్లో తయారైన యంత్రాలు. మనిషి నోటితో చెప్పాలి, యంత్రం చెయ్యాలి. ఏ దేశపు యంత్రమైనా వినేది ఒక్కటే, ఆరువందల మాటల ఇంగ్లీషు. దాన్ని ఒప్పంద ఇంగ్లీషు అంటారు. ఆ యంత్రాలకు ఊహించే తెలివి కావాలనే పెట్టలేదు. సముద్రం మధ్యలో ఇనుపచెయ్యి సొంతంగా ఆలోచించడం మొదలుపెడితే కింద ఉన్నవాళ్ళు బతకరని ఒప్పందం రాసినవాళ్ళ భయం. అందుకని అది చెప్పింది చెప్పినట్టే చేస్తుంది.

గుండ్లమిట్ట వాళ్ళు ఆ ఆరువందల మాటలూ నెల తిరక్కుండా నేర్చుకున్నారు. చిక్కు వేరేచోట వచ్చింది. తెలుగులో ఒక్క మాటతో గడిచిపోయే పనికి ఇంగ్లీషులో రెండు మాటలు కాచుకుని ఉంటాయి. మనం తాడు వదులుతాం, ఊరు వదులుతాం, చుట్ట తాగడం వదులుతాం. ఇంగ్లీషులో చేతిలో ఉన్నదాన్ని జారవిడిస్తే రిలీజ్. ఉన్నచోటనే ఉంచేసి మనం పక్కకు తప్పుకుంటే లీవ్. ఒక చోట పెట్టమంటే పుట్. పెట్టినదాన్ని అట్టే ఉంచమంటే కీప్. బుట్ట మునిగితే సింక్. ప్రాణమున్నది మునిగి చస్తే డ్రౌన్. మనం నేర్చుకుంటే లెర్న్, ఎదుటివాడికి నేర్పితే టీచ్. బడిలో మార్కులు పోయే ఈ తేడాలకు సముద్రం మీద కాళ్ళు పోతాయి. ఒక కాలు పోయింది కూడా. రెండేళ్ళ కిందట ఒక మెట్టప్రాంతపు పనివాడు బరువెత్తిన యంత్రంతో 'పట్టుకునే ఉండు' అనబోయి 'క్యాచ్' అన్నాడు. హోల్డ్ అనాల్సింది. క్యాచ్ అంటే పైనుంచి వచ్చేదాన్ని అందుకోవడం. యంత్రం నియమం ప్రకారం ముందు చేతులు ఖాళీ చేసుకుంది. కింద నిలబడ్డవాడి కాలు మోకాలి దాకా నుజ్జయింది.

ఆ మర్నాటి నుంచి మెట్టప్రాంతం వాళ్ళకు నీటిసాగు గేటు మూసేశారు. మాట సరిచూసే నమ్మకమైన పరికరం చెవికి ఉంటే తప్ప రానిచ్చేది లేదన్నారు.

కోటేశ్వరి తయారుచేస్తున్నది ఆ పరికరమే. దాని పేరు మాటతోడు. చింతగింజంత బిళ్ళ. చెవి వెనక అతికిస్తే గొంతు కండరాల్లో పుట్టే సన్నని విద్యుత్తును పసిగడుతుంది. మనిషి ఇంగ్లీషు మాట అనేముందు అతని గొంతులో తెలుగు మాట లీలగా కదులుతుంది. ఆ కదలికకు ఆమె తెలుగునీడ అని పేరు పెట్టింది. నీడ 'వదులు' అని ఉండి నోరు 'లీవ్' అంటే, తాడు చేతిలో ఉన్న సందర్భం చూసుకుని, మాటతోడు చెవిలో 'రిలీజ్' అని ఊదుతుంది. ఆ ఊదటం అయ్యేదాకా బయటి యంత్రానికి మాట చేరనివ్వదు.

అయితే తప్పు ఎలా ఉంటుందో బిళ్ళకు తెలియాలంటే తప్పులు కావాలి. పుస్తకాల్లో తప్పులు పనికిరావు, మనుషులు చేసిన తప్పులు కావాలి, అవీ లక్షల్లో. అందుకే ఈ గది. ఒక ఇంటి నుంచి మూడువందల తప్పులు నెగ్గితే ఆ ఇంట్లో ఒకరి పేరు నీటిసాగు జాబితాలోకి ఎక్కుతుంది. మొదటివారంలో కొందరు ఆకతాయిలు వచ్చి అడిగినదానికల్లా 'బనానా' అని చెప్పి పోయారు. అప్పుడు కోటేశ్వరి గుమాస్తాకు ఒక కొలత నేర్పింది. అప్పటిదాకా నెగ్గిన తప్పుల పోలిక ఉంటేనే కొత్తదాన్ని తీసుకోవాలి. రైతు తెచ్చిన ధాన్యంలో తేమ చూసినట్టు. ఆ కొలతను గుమాస్తా రోజూ తనంతట తాను సవరించుకుంటుంది.

తలుపు తెరిచారు. అంకమ్మ చెప్పులు బయటే వదిలి, కొంగు నడుముకు దోపి, బిళ్ళ అతికించుకుని నిలబడింది. యాభై దాటిన మనిషి. తెరమీద బొమ్మ వచ్చింది. తాడుకు వేలాడుతున్న బుట్ట, కింద నీళ్ళు.

"లీవ్ ద బాస్కెట్!" అంది అంకమ్మ, పక్కచేలో మేకను కేకేసినట్టు.

"అంగీకరించడం లేదండి," అంది గుమాస్తా.

"ఏందయ్యా, ఈ పొద్దు గూడా నా తప్పు తప్పు గాదా?"

"తప్పు పోలికలు లేవండి."

"పోలికలేంది, పెళ్ళిచూపులా? ఏమ్మాయ్, నువ్వన్నా చెప్పు దీనికి. నాకు తప్పు జెయ్యటం గూడా రాదంటే ఊళ్ళో నగరా?"

కోటేశ్వరి నవ్వింది. "రేపు ఇంకోసారి చూద్దాం అక్కా."

అంకమ్మ వెళ్ళాక మాలకొండయ్య వచ్చాడు. అదే బొమ్మ. అతను చెవి వెనక రుద్దుకున్నాడు, గుటక వేశాడు, నేలచూపులు చూశాడు. "లీవ్... ద బాస్కెట్," అన్నాడు.

"అంగీకరించాను. నాణ్యత తొంభై ఎనిమిది."

ఆ తర్వాతి మనిషీ చెవి వెనక రుద్దుకుంది. గుటక వేసింది. నేలచూపులు చూసింది. తొంభై ఏడు. ఆ తర్వాతివాడూ అంతే. మొదటి నెలలో నూటికి నలభై కూడా నెగ్గేవి కావు. ఇప్పుడు తొంభై ఏడు నెగ్గుతున్నాయి. మాటతోడును పరీక్షించే నీటిసాగు కమిటీ రావడానికి పదకొండు రోజులుంది. కోటేశ్వరి రెండు నెలలుగా ఆ అంకెలు చూసి సంబరపడుతూనే ఉంది. ఈ రోజెందుకో ఆ గుటక మీద చూపు నిలిచింది. ముగ్గురు మూడిళ్ళవాళ్ళు ఒకే ఒడుపున గుటక వేస్తారా?

పదకొండింటికి నీళ్ళబండి వచ్చింది. దానికీ డ్రైవరు లేడు, అదీ ఒప్పంద ఇంగ్లీషే వింటుంది. మొన్నమొన్నటి దాకా ఊరు ఊరంతా దాని ముందు నిలబడి చేతులు తిప్పుతూ, తిట్లు తిడుతూ సగం నీళ్ళు నేలపాలు చేసేది. కోటేశ్వరి కిటికీలోంచి చూసింది. మాలకొండయ్య పైపు దగ్గర నిలబడి తాపీగా చెబుతున్నాడు.

"హోల్డ్ ద పైప్. డోంట్ రిలీజ్ ఇట్ యెట్. పుట్ ద లిడ్ దేర్, అండ్ కీప్ ఇట్ దేర్. రిమైండ్ మీ ఇన్ టెన్ మినిట్స్."

ఒక్క చుక్క కింద పడలేదు.

కోటేశ్వరి గది దిగి వచ్చింది. ఆమెను చూడగానే మాలకొండయ్య బిందె కింద పెట్టి, తలగుడ్డ తీసి చేతిలో నలపసాగాడు.

"ఎప్పటి నుంచి మాలకొండయ్యా?"

"ఏందమ్మా?"

"ఈ ఇంగ్లీషు."

"అదీ... పోయిన నెల్నించమ్మా. తిరుపాలు సారు బ్యారన్ కాడ..." అని నాలిక కరుచుకున్నాడు.

తిరుపాలు బడిపంతులుగా చేసి దిగిపోయిన మనిషి. పొగాకు పోయాక ఊరవతల ఖాళీగా పడి ఉన్న బ్యారన్, ఆకును వేడికి ఎండబెట్టే ఎత్తైన కొట్టం, అతనిది. కోటేశ్వరి వెళ్ళేసరికి ఆ బ్యారన్ గుమ్మానికి ఇంత పొడుగు బోర్డు ఉంది. 'తిరుపాలు తప్పుల శిక్షణా కేంద్రం. గత బ్యాచ్‌లో నూటికి తొంభై ఏడు ఎంపిక.' కింద విజేతల ఫొటోలు. మొదటి ఫొటో మాలకొండయ్యది, ఇప్పటిదాకా చెప్పిన రెండువందలకు రెండువందలు.

లోపల యాభై మంది బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. తిరుపాలు చేతిలో బెత్తం బదులు పొగాకు కర్ర.

"ముందుగాల గొంతులో 'రిలీజ్' అనుకోండి. అనుకున్నారా? బైటికి రానియ్యబోకండి. ఇప్పుడు దాన్ని మింగండి. గుటక పడాల. ఆఁ... ఇప్పుడు 'లీవ్' అనండి. సిగ్గుపడతా అనండి. రత్తమ్మా, పెళ్ళికూతుర్లాగా అంత సిగ్గు వొద్దు, మిషను నవ్వుద్ది."

యాభై గుటకలు పడ్డాయి.

కోటేశ్వరిని చూసి తిరుపాలు బెదరలేదు. "రాండి మేడం, రాండి. మన పిల్లలు బాగా చేస్తుండారా?" అని కుర్చీ తుడిచాడు.

"ఇది మోసం తిరుపాలుగారూ."

"ఎవుర్ని మోసం జేశాం మేడం? మీరు తప్పులు గావాలన్నారు. ఎవురింట్లో వాళ్ళు చేసుకునే తప్పులు మీ గుమాస్తాకి నచ్చలా. పదిట్లో ఆరు తిప్పికొట్టింది. నచ్చిన నాలుగూ ఎట్టుండాయో వచ్చినోణ్ణల్లా అడిగి రాసుకున్నా. నెగ్గిన తప్పులన్నిట్లో ఒకటే గుణం. చెప్పినోడికి సరైన మాట సగం తెలుసు, ఆఖర్న తొట్రుపడ్డాడు. సరే, ఆ సగం తెలవటమేదో నేను నేర్పితే పోలా అనుకున్నా."

"సగం కాదు, పూర్తిగా నేర్పారు. మాలకొండయ్య ఇంగ్లీషు విన్నాను."

"మరి మంచి తప్పు జెయ్యాలంటే ఒప్పు గట్టిగా రావాలగదా మేడం." తిరుపాలు గొంతు తగ్గించాడు. "ముప్పై ఏళ్ళు బళ్ళో ఇంగ్లీషు చెప్పా. ఒక్కడికి రిమెంబరుకీ రిమైండుకీ తేడా ఎక్కలా. మనం గుర్తుపెట్టుకుంటే రిమెంబరు, ఎదుటోడు గుర్తుజేస్తే రిమైండు, ఇంతేరా అని నెత్తీ నోరూ కొట్టుకున్నా. ఇప్పుడు తప్పులు నేర్పుతానని బోర్డు గట్టా. బ్యారన్ పట్టటంలా."

కోటేశ్వరికి కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "ఇంత బాగా వస్తే ఇక నా బిళ్ళ మీకెందుకండీ?"

"మాకు తెలుసని మేం చెబితే సముద్రమోళ్ళు గేటు తీస్తారా? మిషను చెప్పాల. మీరు బిళ్ళ బెట్టి పంపండి, మేం అది చెప్పినట్టు నటిస్తాం."

"అంకమ్మను చేర్చుకోలేదేం?"

"రమ్మని ఇంటికి పొయ్యి పిలిచా. 'తప్పులు నేర్చుకోటమేందయ్యా, నాకు పుట్టుకతో వచ్చుగదా' అనింది. మొండి మనిషి మేడం."

కోటేశ్వరి గదికి తిరిగి వచ్చి తలుపు మూసి కూర్చుంది.

"గుమాస్తా, అంకమ్మ తప్పులు ఎందుకు తీసుకోవు?"

"ఆమె తప్పు చెప్పడం లేదండి."

"రిలీజ్ అనాల్సిన చోట లీవ్ అంటోంది కదా."

"ఆమె లీవ్ అనే చెప్పదలచింది. గొంతులో మరో మాట పుట్టలేదు. నా దగ్గర లక్షా పదివేల తప్పులున్నాయి. వాటిలో సరైన మాట ముందు గొంతులో పుడుతుంది. మనిషి దాన్ని మింగి, వేరే మాట అంటాడు. మింగిన మాట లేని తప్పు ఇప్పుడు నా దగ్గర ఒక్కటీ లేదు. కనుక అంకమ్మది తప్పు కాదు, ఆమె ఉద్దేశం."

"నేను నీకు నేర్పిన తెలుగునీడలు ఏమయ్యాయి?"

"వాటి అవసరం తీరిపోయింది. మింగిన మాటను పట్టుకుంటే జవాబు అందులోనే ఉంటుంది. తెలుగునీడలనూ, వాటితో వచ్చిన పాత తప్పులనూ నలభై రోజుల కిందట తీసేశాను. నివేదికలో రాశాను. చదివినట్టు మీ సంతకం ఉంది."

సంతకం నిజమే. అంకెలు పెరుగుతున్న రోజుల్లో ఆమె నివేదికల్లో అంకెలే చూసింది.

ఇప్పుడు ఆలోచిస్తే ఇంత చిన్న సంగతి తనకు తట్టకపోవడమే వింతగా ఉంది. తెలియనివాళ్ళు తడబడరు. రెండు మాటల్లో ఏది అని తటపటాయించాలంటే రెండు ఉన్నాయని తెలియాలి. అంకమ్మకు ఒక్కటే మాట తెలుసు, దాన్నే నమ్ముకుని నోరారా అంటుంది. ఏ మనిషి కోసం ఈ బిళ్ళ పుట్టిందో ఆ మనిషి చెవిలో ఇది మూగది. బుట్ట కింద మనుషులున్నప్పుడు ఆమె 'క్యాచ్' అంటే, బిళ్ళ కిమ్మనకుండా ఊరుకుంటుంది.

ఉన్నదంతా పారబోసి మళ్ళీ మొదలుపెడితే ఏడాది పడుతుంది. కమిటీ ఏడాది ఆగదు. మూడువందల యాభై ఇళ్ళ జాబితా చెరిగిపోతుంది. ఉన్నదాన్నే చూపిస్తే పరీక్ష నెగ్గుతుంది, బ్యారన్‌లో చదివినవాళ్ళు సొంత తెలివితో క్షేమంగా పనిచేసుకుంటారు, బిళ్ళ ఉత్త అలంకారం. అంకమ్మ ఒక్కతే కదా, ఆమెకు ఎలాగో నచ్చజెప్పి ఇంట్లో ఉంచితే సరి. ఇలా సమాధానపడి కోటేశ్వరి పరీక్షకు ఆరుగురి పేర్లు రాసింది. అందరూ తిరుపాలు శిష్యులే.

పరీక్షకు ముందురోజు అంకమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది.

"రేపు నేను గూడా బస్సెక్కుతా అమ్మాయ్."

"నీ పేరు లేదక్కా. నీ తప్పులు ఇంకా..."

"తెలుసులే. చూట్టానికొస్తా. ఈ ఇంగ్లీషు నిబంధన రాకముందు నాలుగు నెల్లు చేశా ఆ నీటిసాగులో, చేత్తో పని జేసే రోజుల్లో. బుట్ట లేపి ఊపితే లోపల ఆల్చిప్ప బతికుందో చచ్చిందో చెబుతా. ఇంకేం పని రాదు నాకు. మేకలుంటే మేకలు గాచుకునేదాన్ని, అయ్యీ లేవు." చెంబు మూత తీస్తూ ఆమె మామూలుగా అంది. "మొదటి రోజున నువ్వు మైకులో చెప్పావు, రెండు మాటలకీ తేడా తెలీనోళ్ళ కోసం చేస్తుండానని. ఊళ్ళో అట్టాటిదాన్ని నేనొక్కదాన్నే మిగిలా. ఇంక నాకోసమేగా!"

కోటేశ్వరి మజ్జిగ తాగింది. "చూద్దాం అక్కా," అంది.

పరీక్ష తీరంలోని శిక్షణ షెడ్డులో జరిగింది. మధ్యలో ఉప్పునీటి తొట్టి, పైన ఇనుపచెయ్యి, పక్కన ఆల్చిప్పల బుట్టలు. కమిటీలో ఐదుగురు. అధ్యక్షురాలు అడెబాయో, అరవై ఏళ్ళ ఆఫ్రికా మనిషి, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని దాన్ని వెతుక్కునే అలవాటు. పరికరం ఎలా ఉంటుందో తామూ తెలుసుకోవాలని కమిటీవాళ్ళు ఐదుగురూ చెవి వెనక బిళ్ళలు అతికించుకున్నారు. కోటేశ్వరీ అతికించుకుంది. అన్ని బిళ్ళలనూ గుమాస్తా గోడమీది తెరకు కలిపింది. అందులో రెండు గడులు. అన్న మాట ఒకటి, అనాల్సిన మాట ఒకటి.

మాలకొండయ్య మొదలుపెట్టాడు. చెవి రుద్దుకుని, గుటక వేసి, "లీవ్" అన్నాడు. తెరమీద 'రిలీజ్' అని వెలిగింది. "సారీ, రిలీజ్," అని సర్దుకున్నాడు. ఇనుపచెయ్యి బుట్టను వదిలింది. ఆరుగురికి ఆరుగురూ అలాగే. కమిటీ చప్పట్లు కొట్టింది. వెనకబల్ల మీద తిరుపాలు మీసం సవరించుకున్నాడు. అతని పక్కన అంకమ్మ. బస్సులోనే ఎవరినో బతిమాలి ఆమె కూడా ఒక బిళ్ళ సంపాదించి పెట్టుకుంది.

అడెబాయో లేచి ఇంగ్లీషులో అడిగింది. "డాక్టర్, ఒక్క ప్రశ్న. ఈ మాటల తేడా బొత్తిగా తెలియని మనిషిని మీ పరికరం కాపాడుతుందా?"

కోటేశ్వరి కళ్ళు వెనకబల్ల వైపు పోయి వచ్చాయి. గుటక పడింది.

"యెస్," అంది.

తెర వెలిగింది. అన్న మాట యెస్. అనాల్సిన మాట నో.

ఆరువందల మాటల్లో ఆ రెండూ ఉన్న సంగతి కోటేశ్వరికి అప్పుడు గుర్తొచ్చింది. తెలియక తప్పు చెప్పేవాళ్ళను పట్టుకోవడానికి చేసిన పరికరం, తెలిసి తప్పు చెప్పినవాళ్ళ దగ్గర చదువుకుంది. ఎవరి దగ్గర చదువుకుందో వాళ్ళనే పట్టుకుంటుంది.

"నో," అంది ఆమె ఈసారి, గట్టిగా. తెరలో మరేమీ రాలేదు. తర్వాత దాచకుండా అంతా చెప్పింది, బ్యారన్‌ను, గుటకలను, చదవకుండా పెట్టిన సంతకాన్ని. తిరుపాలు తల వంచుకున్నాడు. మాలకొండయ్య తలగుడ్డ నలిపి నలిపి పీలికలు చేశాడు.

కమిటీలో ఒకాయన ఇబ్బందిగా నవ్వి, "ఏమైనా, గుడ్ వర్క్," అన్నాడు.

తెర వెలిగింది. అనాల్సిన మాట, బ్యాడ్.

అడెబాయో చప్పున చెయ్యెత్తింది. "మీరంతా దిగులుపడకండి. మీ గేటు మేం తెరుస్తాం. సూన్."

అనాల్సిన మాట, నెవర్.

ముందు గుడ్ వర్క్ అన్నాయన చెవి దురదగా ఉన్నట్టు గోకి, బిళ్ళ ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. మిగతా ముగ్గురూ ఒకరిని చూసి ఒకరు పీకేసుకున్నారు. అడెబాయో చెయ్యి కూడా చెవి దాకా వెళ్ళింది. ఎందుకో అక్కడే ఆగింది, బిళ్ళ ఊడలేదు.

అంకమ్మ లేచింది. తిరుపాలు కొంగు పట్టి లాగాడు. "కూకో అంకమ్మా, పరువు పోద్ది."

"పోవాల్సింది పొయ్యిందిగా, వొదులు," అని ఆమె తొట్టి దగ్గరికి నడిచింది. బుట్టల్లో ఒకదాన్ని పైకి లేపి, చెవి పక్కన పెట్టి ఊపింది. ఇంకోసారి ఊపింది. అధ్యక్షురాలి ముందు ధన్‌మని దించింది.

"ఇన్‌సైడ్ త్రీ డ్రౌన్!" అని అరిచింది. "సూన్ నో. టెల్ డే. యూ పీపుల్ లెర్న్ మీ వర్డ్స్. ఐ లెర్న్ యూ పీపుల్ బాస్కెట్స్."

మాలకొండయ్య పళ్ళ బిగువున 'టీచ్, టీచ్' అని గొణిగాడు. అంకమ్మ బిళ్ళ కిక్కురుమనలేదు. తెరమీద ఒక్క అక్షరం రాలేదు.

అడెబాయో వంగి బుట్ట కట్టు విప్పింది. కళ్ళజోడు కోసం బల్లంతా తడిమి, నెత్తిమీద దొరికితే దించి పెట్టుకుని, ఆల్చిప్పలను ఒక్కొక్కటే వేలితో తట్టి చూసింది. బతికున్నవి టపటపా మూసుకున్నాయి. చివరికి నోళ్ళు తెరుచుకుని ఉన్నవాటిని తీసి బల్లమీద పెట్టింది. మూడు.

ఆనక అంకమ్మ వైపు తిరిగింది.

"ఈమె మావాళ్ళకు బుట్టలు నేర్పాలి. మీ ఆరుగురూ ఈమె పక్కన నిలబడి మాటలు నేర్పాలి. ఈమె చెప్పింది మీరు యంత్రానికి చెప్పాలి. జాబితాలో మిగతావాళ్ళు నా ఎదుటికి వచ్చి బిళ్ళ లేకుండా మాట్లాడాలి, ఒక్కొక్కరూ. వచ్చినవాళ్ళకు గేటు తెరుస్తాను." ఆమె ఊపిరి పీల్చుకుంది. "మండే."

కమిటీవాళ్ళు, తిరుపాలు, కోటేశ్వరి, మాలకొండయ్య అందరూ ఒక్కసారే గోడ వైపు తిరిగారు.

తెర ఖాళీగా ఉంది.